సామాన్లక్క ఇంట్లో శుభకార్యం

మదనపల్లెలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు మా పుట్టింటివాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. ఊరందరికీ నేను సామాన్లక్కను. పెండ్లికీ, సీమంతానికీ, బారసాలకీ, చివరికి పెద్దకర్మకీ కావలసిన అండాలు, గంగాళాలు, గరిటెలు, కుర్చీలు, షామియానాలు బాడుగకు ఇచ్చే అంగడి నాది. మా ఆయన టమోటా మండీలో గుమాస్తా. ఆయన పని ఆయనది, నా వ్యాపారం నాది. మొదలుపెట్టిన కొత్తలో ఆడమనిషి అండాలు మోయడమేమిటని మూతులు తిప్పిన బంధువులే ఇప్పుడు వాళ్ల ఇండ్లలో కార్యం వస్తే ముందు నాకు ఫోన్ చేస్తారు. సామాన్లు పంపిస్తాను. మూతులు తిప్పిన సంగతి ఒకసారి గుర్తు చేసి మరీ పంపిస్తాను. నా నోరు అట్లాంటిది, దాచుకోను.

ఆ మధ్య ఒక కాలేజీవాళ్లు మహిళా దినోత్సవానికి నన్ను పిలిచి, వ్యాపారం చేసే ఆడవాళ్లు స్నేహాలు ఎట్లా పెంచుకోవాలో పిల్లలకు చెప్పమన్నారు. శాలువా కప్పారు, మైకు ఇచ్చారు. నవ్వుతూ మాట్లాడాలి, మాట నిలబెట్టుకోవాలి, ఒకరికొకరు ఆసరాగా ఉండాలి అని ఓ పావుగంట చెప్పి వచ్చాను. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మైకులో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

పెండ్లిలో పనిచేసేవాళ్లు ఎప్పుడు తింటారో చాలామందికి తెలియదు. చుట్టాలు తిని, ఊరివాళ్లు తిని, మేళగాళ్లు తిని, డ్రైవర్లు కూడా తిన్నాక మాకు ఆకులు వేస్తారు. అది ఆఖరి బంతి. అప్పటికి పప్పు అడుగంటి ఉంటుంది, వడలు అయిపోయి ఉంటాయి, అప్పడాలు మెత్తబడి ఉంటాయి. పద్దెనిమిదేండ్ల కింద పుంగనూరులో ఒక కల్యాణమండపంలో అట్లాంటి ఆఖరి బంతిలో నా పక్కన ఒకామె కూర్చుంది. కుప్పం మనిషి. మాటలో సగం అరవం కలిసేది. పెండ్లివంట అంటే మగవాళ్ల పని అనుకునే చోట, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొని వెయ్యిమందికి వండిపెట్టేది. ఆమె నా ఆకు వైపు ఒకసారి చూసి లేచి లోపలికి వెళ్లి, కొంగు చాటున రెండు వడలు తెచ్చి వేసింది. తనకోసం దాచుకున్నవి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారే, ఆ సామెత నాకు ఆ రోజు అర్థమైంది. ఇవతలి పక్క మండపానికి పూలు కట్టినామె కూర్చుంది. పుంగనూరు బస్టాండు దగ్గర ఆమెకు పూలంగడి ఉంది. తానేం పాపం చేసిందని అడుగుతూ తన ఆకు నా వైపు జరిపింది. ఒక వడ ఆమెకు పోయింది. మా ముగ్గురి స్నేహం అట్లా మొదలైంది.

ఆ తర్వాత ముగ్గురిలో ఎవరికి పని దొరికినా మిగతా ఇద్దరికీ దొరికినట్టే. వంటకు పిలిస్తే ఆమె సామాన్లకు నా పేరు చెప్పేది. సామాన్లకు నా దగ్గరికి వస్తే పూలకు పుంగనూరు పొమ్మనేదాన్ని. చౌడేపల్లె, రామసముద్రం, కలకడ పల్లెల దాకా మా మాట పాకింది. పెండ్లికూతుళ్లను ముస్తాబు చేసే పార్లరామె, గోరింటాకు పెట్టే అమ్మాయి, విస్తరాకులు కుట్టే తల్లీకూతుళ్లు, లడ్లు చుట్టే ఆమె, ఒక్కొక్కరే వచ్చి కలిశారు. ఫోన్లలో గ్రూపు పెట్టింది నేనే. పొద్దున్నే దేవుడి బొమ్మలు, పండగలకు శుభాకాంక్షలు, ఎవరికైనా జ్వరమొస్తే చేతులు జోడించిన గుర్తులు. ఏ మండపం మేనేజరయినా నోరు పారేసుకున్నాడంటే ఆ సంగతి క్షణంలో అందరికీ తెలిసేది. వాడితో మాట్లాడే పని నాకు అప్పగించేవాళ్లు. నేను మాట్లాడాక వాడు మళ్లీ ఆడవాళ్ల ముందు గొంతు లేపేవాడు కాదు.

ఒకసారి రామసముద్రం దగ్గర పల్లెలో పెండ్లి జరుగుతుండగా గాలివాన వచ్చి నా షామియానా సగం లేచిపోయింది. పెండ్లివాళ్లు నన్ను తిట్టడానికి గుమిగూడేలోపే మావాళ్లు పనులు వదిలేసి వచ్చి తలా ఒక గుంజ పట్టుకున్నారు. కుప్పం ఆమె పిండి చేతులతోనే తాడు లాగింది. పార్లరామె చెప్పులు బురదలో పోగొట్టుకుంది. తాళి కట్టే దాకా అట్లాగే తడుస్తూ నిలబడ్డాం. నాకు అక్కచెల్లెండ్లు లేరు. వీళ్లే అనుకున్నాను. ఇరవైమంది దాకా ఉన్నారు, ఏ ఆడదానికి ఉంటారు ఇంతమంది అని గర్వపడ్డాను కూడా.

మాకు పిల్లలు లేరు. అంటే పేరు పెట్టేది లేదు, పెండ్లి చేసేది లేదు. మూడు ఊళ్ల కార్యాలకు సామాన్లు పంపిన నా గడపకు పండగలప్పుడు తప్ప మామిడాకులు కట్టిందే లేదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటారు. పెండ్లిళ్లు నేను చూసినన్ని అయ్యవార్లు కూడా చూసి ఉండరు. ఇల్లు కట్టడం మాత్రం యాభై దాటాక గానీ కుదరలేదు. గోడౌను మీద రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు పొడుగాటి వసారా. చిన్న ఇల్లే. అయినా అందులో చేరే రోజు మా ఇంట్లో జరిగే మొదటి శుభకార్యం. బహుశా ఆఖరిది కూడా.

అయ్యవారిని అడిగితే మూఢం పోయాక వచ్చే మొదటి గురువారం బలంగా ఉందన్నాడు. మూఢంలో ముహూర్తాలు ఉండవు, మా వ్యాపారానికి అది కరువు. ఆ కరువు తీరిన మొదటి మంచిరోజున మండపాలన్నీ నిండుతాయి, మావాళ్లకు ఊపిరి సలపదు. ఆ సంగతి నాకు తెలియక కాదు, పంచాంగం నాకు కంఠతా. కానీ ఊరందరికీ ఉన్న మంచిరోజు నాకు మాత్రం ఎందుకు ఉండకూడదనిపించింది. ఆ రోజుకు సామాన్లు ఎవరికీ ఇవ్వనని చెప్పేశాను.

పొరపాటు అది కాదు. అసలు పొరపాటు వేరే ఉంది.

నాకొక కోరిక ఉండేది. ఇన్నేండ్లూ ఆఖరి బంతిలో చల్లారిన అన్నం తిన్న మావాళ్లందరినీ నా ఇంట్లో మొదటి బంతిలో కూర్చోబెట్టాలి. వాళ్లు చేతులకు మసి లేకుండా, వేళ్లకు పూలదారం లేకుండా, పట్టుచీరలు కట్టుకొని చుట్టాల్లాగా రావాలి. వేడివేడిగా నేనే వడ్డించాలి. మూడు నెలలు ఈ ఊహ మనసులో పెట్టుకొని మురిసిపోయాను. మా ఆయనకు చెబితే బాగుందన్నాడు. వాళ్లు కూర్చొని తినాలంటే వాళ్లు వండకూడదు కదా. అందుకని వంటకు వేరే మాస్టరును మాట్లాడాను, పూలకు మదనపల్లెలోనే ఒకతనికి చెప్పాను, ఆకులు బజారులో తెప్పించాను.

కుంకుమ భరిణె పట్టుకొని ముందు కుప్పానికే వెళ్లాను. ఆమె ఒక మండపంలో వంటలో ఉంది. అండా ముందు చెమటలు కారుతున్న ముఖానికి బొట్టు పెట్టి ఇంట్లో చేరుతున్నామని చెప్పాను. ఎంత సంతోషించిందో. మంట తగ్గించి, చేతులు తుడుచుకొని, తన వెంట ఉన్న ఆడవాళ్లను పిలిచి వాళ్లకూ చెప్పింది. ఎంతమంది వస్తారు, స్వీటు ఏం చేద్దాం, ముందురోజు పొద్దున్నే దిగాలా మధ్యాహ్నం దిగాలా అని అడగడం మొదలుపెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని, నువ్వు వండొద్దు, వంటకు వేరేవాళ్లను పెట్టాను, నువ్వు ఊరికే వచ్చి మొదటి బంతిలో కూర్చోవాలి అన్నాను. ఎంతో గొప్పమాట చెబుతున్నాననుకున్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరు వండుతున్నారని అడిగింది. చెప్పాను, ఊళ్లో పేరున్న మాస్టరు, మగమనిషి. "మంచిదక్కా" అని పొయ్యి వైపు తిరిగి మంట పెంచింది. ఆమె ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పనిలో ఉంది కదా అనుకొని నేను బస్సెక్కేశాను.

పుంగనూరులో దిగి పూలామెకూ అదే చెప్పాను. ఆమె మాల కడుతూనే విని తల ఊపింది. మిగతావాళ్లందరికీ అంగడి అంగడికీ తిరిగి బొట్టు పెట్టి, ఎవరూ ఏ పనీ చేయొద్దని, వచ్చి కూర్చుంటే చాలని మరీ మరీ చెప్పాను. ఆ వారం గ్రూపులో దేవుడి బొమ్మలు కూడా తగ్గిపోయాయి. నేను కొత్తింటి ఫొటో పెడితే ఇద్దరు మాత్రం దండం గుర్తు పెట్టారు. మూఢం పోతోంది, అందరికీ తొందర అనుకున్నాను. నా బుర్రకు అంతకు మించి తట్టలేదు.

గురువారం పాలు పొంగాయి, పూజ అయింది. పదకొండున్నరకు వసారా పొడుగునా ఇరవై ఆకులు వేయించి, ఇవి మావాళ్లవి, ఎవరూ కూర్చోవద్దని చెప్పాను. బంధువులు గోడవారగా నిలబడి చూస్తున్నారు. పన్నెండయింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. గోరింటాకు అమ్మాయి ఒక్కతే ఎత్తి, దారిలో ఉన్నాం, వచ్చేస్తున్నామంది. వెనక నాదస్వరం వినిపిస్తోంది. ఏ బస్సులో వాయిస్తారు నాదస్వరం? మా ఆయన మెల్లగా వచ్చి, పెద్దవాళ్లు ఆకలితో ఉన్నారు, కూర్చోబెడదామన్నాడు. వద్దన్నాను. అందరి ముందరా ఆయన మీద అరిచాను కూడా. పాపం, పక్కకు పోయాడు.

ఒంటిగంటకు మా ఆడబిడ్డ, మూతి తిప్పినవాళ్లలో మొదటిది, నా పక్కకు చేరి, నీ చుట్టాలెవరో చాలా పెద్దవాళ్లలాగా ఉన్నారే, ఇంకా కార్లు దిగలేదే అంది. ఆ మాటతో నేను మండీ నుంచి వచ్చిన హమాలీలను పిలిచి ఆ ఆకుల ముందు కూర్చోబెట్టాను. వాళ్లు తృప్తిగా తిన్నారు, ఇల్లు బాగుందని మెచ్చుకున్నారు. వాళ్ల ఆకుల్లో వడలు నేనే విసురుగా వేశాను. ఏడుపు కాదు, కోపం. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం పార్లరామె ఫోన్లో స్టేటస్ పెట్టింది. పుంగనూరులో పెద్ద పెండ్లి. ఆఖరి బంతి. మావాళ్లంతా వరసగా కూర్చొని ఉన్నారు, పనిచీరల్లో, కొంగులు బిగించి, నోట్లో ముద్దలతో నవ్వుతూ. కుప్పం ఆమె నడుమ ఉంది. ముందున్న సాంబారు బక్కెట్టు నాది కాదు, నా పోటీ అంగడివాడిది. నా సామాను ఎంత దూరం నుంచయినా గుర్తుపడతాను. ఫొటో కింద 'మా కుటుంబం' అని రాసింది.

వెంటనే కుప్పం ఆమెకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది. అనాల్సినవన్నీ అన్నాను, అనకూడనివీ అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లన్నాను. నేను పెట్టిన గ్రూపులో పనులు దొరకబుచ్చుకొని నా గడప తొక్కడానికి కాళ్లు రాలేదా అన్నాను. ఆమె అడ్డు చెప్పకుండా అంతా వింది. నేను అలిసిపోయాక, గొంతు పెంచకుండా చెప్పింది.

"పని ఇయ్యకపోతే పోనీ అక్కా. ఇంకొకడు వండింది మా ఆకులో ఏసి, మమ్మల్ని ముందర కూర్చోబెట్టి సూపించాల్నా? ఆ పొద్దు పొయ్యికాడ, నా ఆడోళ్ల ముందరే చెప్తివే నన్ను వండొద్దని. నా చెయ్యి నీ ఇంటికి పనికిరాలేదని వాళ్లంతా అనుకోలేదా?"

గౌరవించాలనుకున్నానని అన్నాను. నిజంగానే అదే అనుకున్నాను.

"నీ ఇంట్లో పొయ్యి ముట్టించేది నేనేనని అనుకుంటా ఉంటినక్కా, ఇన్నేండ్లు" అని పెట్టేసింది.

నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఎవరూ మళ్లీ చేర్చలేదు. నాకు పనులు తగ్గాయి. పెండ్లివాళ్లు వంటామె చెప్పిన అంగడికే పోతారు, ఆమె ఇప్పుడు నా పేరు చెప్పడం లేదు. పుంగనూరు బస్టాండులో పూలామె నన్ను చూసి మాలలు సర్దుకుంటూ తల దించుకుంది. నేనూ ముఖం తిప్పుకొని పోయాను. నా పంతం నాది. తప్పు నాదే అని ఒకరోజు అనిపిస్తే, మరుసటి రోజు ఆ ఖాళీ ఆకులు గుర్తొచ్చి ఛీ, వీళ్లా నా అక్కచెల్లెండ్లు అనిపించేది. పనికి పిలిచి ఉంటే ఇరవైమందీ ముందురోజే దిగేవాళ్లు. నా ఇల్లంతా పూలు కట్టేవాళ్లు, వండేవాళ్లు, నవ్వేవాళ్లు. మనుషులుగా పిలిచాను, ఒక్కరూ రాలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

దాంతోపాటు ఇంకొకటి కూడా గుచ్చుకునేది, దాన్ని మా ఆయనతో కూడా అనలేదు. పని పక్కన పెట్టి మనుషులను పిలిచానంటున్నానే, ఆ మనుషుల గురించి నాకేం తెలుసు? పూలామెకు పిల్లలెందరో చెప్పమంటే తడుముకుంటాను. పార్లరామె మొగుడు ఏం చేస్తాడో తెలియదు. ఎవరింటికీ కార్యం లేని రోజున నేను పోయింది లేదు, వాళ్లు నా ఇంటికి వచ్చిందీ లేదు.

ఐదు నెలలకు మా టెంపో డ్రైవరు మాటల మధ్యలో చెప్పాడు, కుప్పం వంటామెకు కడుపులో గడ్డ తీసేశారట, నెలరోజులుగా మంచం మీదే ఉందట. గ్రూపులో అందరికీ తెలుసు, అందరూ వెళ్లి చూసి వచ్చారు. నాకొక్కదానికే తెలియదు. ఆ డ్రైవరు మీద కూడా కోపం వచ్చింది, ముందే చెప్పలేదని. మరుసటి పొద్దున్నే బస్సెక్కాను. ఏమనాలో దారంతా లోపల అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదని చెప్పాలి, నొప్పి ఎట్లా ఉందో అడగాలి, కాసేపు ఊరికే కూర్చోవాలి. కుప్పంలో దిగాక తెలిసింది, ఆమె ఇల్లెక్కడో నాకు తెలియదు. ఆ ఊరికి వందసార్లు వచ్చి ఉంటాను, అన్నిసార్లూ మండపాలకే. కూరగాయల అంగడిలో వంటామె ఇల్లని అడిగితే సందు చూపించారు.

తలుపు తీసే ఉంది. గోడకు ఆనుకొని మంచం మీద కూర్చొని ఉంది. సగమయింది మనిషి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఏమక్కా ఇంత దూరం? ఎవురింట్లో కార్యం?" అంది.

"ఎవురింట్లోనూ లేదు. ఊరికే వస్తి."

ఆమె నా ముఖంలోకి చూసింది, నమ్మలేదు. "ఊరికే యాల వస్తావక్కా? ఏం పనో చెప్పు, ఫరవాలేదు."

కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. చక్కెర డబ్బా దొరకలేదు. ఆమె మంచం మీద నుంచి ఎడమపక్క పైఅరలో అని చెబుతోంది, నేను కుడిపక్క వెతుకుతున్నాను. ఆ వంటింట్లో అన్నీ చిన్న గిన్నెలే, రెండు పూటలకు సరిపోయేవి. వెయ్యిమందికి వండే మనిషి ఇంట్లో చిన్న గిన్నెలే ఉంటాయని నాకెందుకో తోచనే లేదు. కాఫీ తాగాం. దారంతా అనుకుంటూ వచ్చిన మాట అనలేకపోయాను, ఇంత నోరున్నదాన్ని. మేమిద్దరం పొయ్యి లేకుండా, అండాలు లేకుండా, ఎవరి పెండ్లీ లేకుండా ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు. గ్లాసు ఖాళీ అయినా కింద పెట్టలేదు.

చివరికి ఆమే అంది. "వచ్చే నెల పలమనేరులో పెండ్లుండాదక్కా. అప్పటికి నేను లేచేస్తా. సామాన్లు పంపిస్తావా?"

ప్రాణం లేచివచ్చింది. "ఎంతమందికి?" అన్నాను.

ఎనిమిదివందలంది. ఇక ఇద్దరికీ మాటలు వచ్చేశాయి. అండాలు పెద్దవా, నడిమివా, టిఫినుకు ఇడ్లీయా పొంగలా, మండపంలో నీళ్ల వసతి ఎట్లా ఉంది, కిందటిసారి ఆ మేనేజరు చేసిన యాగీ ఏంటి, గంటసేపు గడగడా మాట్లాడుకున్నాం. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకొని నవ్వింది కూడా. పూలకు పుంగనూరు ఆమెనే పిలుద్దామంది, నన్ను మళ్లీ గ్రూపులో చేర్చమని చెబుతానంది. సరేనన్నాను. నేను గడప దిగేటప్పటికి ఇద్దరి ముఖాలూ తేటపడ్డాయి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, సంచిలోంచి కాగితం తీసి సామాన్ల పట్టీ రాయడం మొదలుపెట్టాను.

బస్సు పలమనేరు దాటాక గుర్తొచ్చింది. ఆపరేషన్ ఎట్లా జరిగింది, నొప్పి తగ్గిందా అని నేను అడగనే లేదు.